చెయ్యెత్తని సభ

పూర్వం ఏటిమొగ అనే ఊళ్లో పెద్దను జనమే ఎన్నుకునేవారు. అలా గద్దెనెక్కిన భూపతిరాయుడు కాలువ నీళ్లన్నీ తన పొలాలకే మళ్లించుకున్నాడు. ఆపైన చుట్టూ కర్రలవాళ్లను నిలబెట్టి సభ పెట్టాడు.

"ఇకమీదట ఎన్నుకోవడాలు ఉండవు. బతికున్నంతకాలం నేనే పెద్దను. కాదన్నవాళ్లు చేతులెత్తండి!"

భయంతో ఎవరూ ఎత్తలేదు.

"ఎత్తలేదంటే ఒప్పుకున్నట్టే," అని నవ్వాడు రాయుడు.

ఎండిపోయిన తన మడి కళ్లముందు మెదిలి ఈరమ్మ అనే రైతుకు ఒళ్లు మండిపోయింది. లేచి జనం వైపు తిరిగింది.

"అదే లెక్కన నేనూ అడుగుతున్నా. ఈయన్ని ఇప్పుడే దించేద్దాం. వద్దన్నవాళ్లు చేతులెత్తండి!"

ఒక్క చెయ్యీ కదల్లేదు. కర్రలవాళ్ల పొలాలూ ఎండినవే. వాళ్లూ తలలు దించుకున్నారు. రాయుడు కంగారుగా తన చెయ్యి పైకెత్తాడు.

"ఒక్కటే లేచింది," అంది ఈరమ్మ పళ్లు నూరుతూ. "ఊరంతా ఒప్పుకుంది. దిగు!"