చివరింటి పడవ పందెం

“ఆపండర్రా! టీవీలు, ఫోన్లు అన్నీ ఆపేయండి!”

అనగనగా అనకాపల్లిలో ఒక ఇరుకు వీధి. ఆ వీధి చివరింట్లోంచి వచ్చింది బంగారూ ఈ కేక! అరిచింది వరహాలమ్మ అనే అమ్మమ్మ. ఎందుకు అరిచిందో చెప్తాను, ఇటు జరుగు.

వరహాలమ్మకి కుందన అని మనవరాలు. ఆ పిల్లకి పడవ పందెమంటే ప్రాణం. నిజం పడవ కాదులే, టీవీలో పడవ! ఆ ఆట వాళ్ళింట్లో ఉండదు. ఎక్కడో దూరాన పెద్ద కంప్యూటర్లో ఉంటుంది. ఇక్కడ కుందన మీట నొక్కితే, ఆ కబురు తీగ వెంట అక్కడికి పరుగెత్తాలి. అప్పుడు పడవ తిరిగిన బొమ్మ అక్కణ్ణుంచి పరుగెత్తుకు రావాలి. అదంతా రెప్పపాటులో! అబ్బో, ఎంత వింతో చూడు!

ఆ సాయంత్రం మూడు పందేలు. ఒక్కటి గెలిచినా చాలు, విశాఖపట్నంలో పెద్ద పోటీకి పిలుస్తారు. సెలవులన్నీ ఆ పిల్ల దానికోసమే కష్టపడింది.

మొదటి పందెం మొదలైంది. కుందన కుడికి తిప్పింది. పడవ కాసేపు ఆలోచించి, రాయికి గుద్దుకున్నాక అప్పుడు తిరిగింది! ఆ పందెం పోయింది.

“వీధంతటికీ ఒకటే నెట్ తీగ అమ్మమ్మా! టీవీలూ ఫోన్లూ పెట్టి అందరూ ఒక్కసారే లాగేస్తున్నారు” అని పిల్ల ఏడుపు.

అప్పుడు వరహాలమ్మకి కుళాయి గుర్తొచ్చింది. ఆ వీధిలో మునిసిపాలిటీ నీళ్ళు రాగానే ఎవరూ మోటారు వేయరు. వేస్తే చివరింటికి చుక్క రాదు. చివరింటి బిందె నిండాకే మిగతావాళ్ళు మోటారు వేస్తారు. అది వాళ్ళ కట్టుబాటు. నీళ్ళకున్నది నెట్‌కి ఎందుకుండదు? అందుకే ఆ కేక!

కేకేసి ఊరుకుందా? గుమ్మం గుమ్మం ఎక్కింది.

సత్యవతి సీరియల్ చూస్తోంది. “అత్తగారు పాలల్లో విషం కలుపుతోంది పిన్నీ, ఇప్పుడెలా ఆపను?”

“ఆవిడ రేపూ కలుపుతుందిలే, ఆపు!”

సన్యాసిరావు క్రికెట్ చూస్తున్నాడు. “ఒక్క ఓవరు పిన్నీ!”

“తెల్లారేదాకా సాగుతుంది నీ ఓవరు. ఆపు!”

దేవి చంటాడు ఫోన్లో పాట పెడితేగాని నోరు తెరవడు. వరహాలమ్మ తనే గొంతెత్తి పాడింది. ఆ పాటకి వాడు హడలిపోయి నోరు తెరిచాడు. దేవి గభాల్న ముద్ద పెట్టేసింది!

ఆ తర్వాత అందరూ చివరింటికి వచ్చేశారు, చూద్దామని. రెండో పందెంలో కుందన పడవ రివ్వుమని ముందుకెళ్ళింది! సన్యాసిరావుకి ఆనందం ఆగలేదు. ఆ ఇంటి వైఫైకే తగులుకుని, బామ్మర్దికి వీడియో కాల్ చేసి చూపించాడు. సత్యవతి వాళ్ళక్కకి చూపించింది. దేవి గాజువాకలో ఉన్న మొగుడికి చూపించింది. ఇంకేముంది? పడవ నడి ఏట్లో నిలబడిపోయింది. పందెం పోయింది.

“మీ ఇళ్ళల్లో కుళాయి కట్టేసి మా ఇంట్లో విప్పార్రా!” అని వరహాలమ్మ బుట్ట పట్టుకొచ్చింది. ఫోన్లన్నీ ఆపించి, అందులో వేయించి, బుట్ట ఒళ్ళో పెట్టుకు కూర్చుంది.

అప్పుడు మూడో పందెం. పిల్ల వేలు కదిలితే పడవ కదిలింది! ఒక రాయి తప్పించింది, ఒక సుడి దాటింది, పక్క పడవని జానెడు దూరంలో దాటేసి గీత దాటింది! గెలిచేసింది బంగారూ, గెలిచేసింది! సన్యాసిరావు మంచమెక్కి గెంతాడు.

దిగాక అడిగాడు. “మరి ఇంటింటికీ ఈ ఆటొస్తే మన తీగ తట్టుకుంటుందా?”

“తట్టుకోదు మావయ్యా. లావు తీగ కావాలి” అంది కుందన.

“అయితే రేపు అందరం కేబుల్ ఆఫీసు మీద పడదాం!” అంది సత్యవతి.

ఆ తర్వాత అందరికీ ఒక్కసారే ఆకలి తెలిసింది. ఒకరింట్లో పప్పుంది, ఒకరింట్లో వంకాయ పులుసుంది, వరహాలమ్మ ఎసరు పెట్టింది. వీధిలోనే చాపలు పరిచి, కుందనని మధ్యలో కూర్చోబెట్టుకుని, అందరూ కంచాల ముందు కూర్చున్నారు.

కథ పోయె కంచికి,
వీధి పోయె అన్నానికి,
మనం పోదాం నిద్రకి!