చెరుకు తోటలో మెల్లని పాట

“మూడు వానలు పని చెయ్యండి చాలు, నాలుగో వానకి మిమ్మల్ని మీ గుమ్మం ముందు దించుతాను” అన్నాట్ట దొర. ఎక్కడనుకున్నావు బుజ్జీ? అనగనగా సముద్రం మధ్య ఒక లంక ఉండేదిలే, ఆ లంకలో.

చెరుకు కొట్టడానికి పడవెక్కి వచ్చినవాళ్ళ మీద ఆరు వానలు కురిశాయి, అంటే ఆరేళ్ళు గడిచాయి. తిరుగు పడవ మాత్రం రాలేదు. అడుగుదామంటే మేస్త్రీ చేతిలో కొరడా. చెరుకు దొరదేనట, కత్తులు దొరవేనట, కొట్టే మనుషులూ దొర సొత్తేనట!

అక్కడ దాలమ్మ అని ఒక పిల్ల. దొర బంగళాలో గిన్నెలు తోమేది. తోటలోంచి పాట వినబడితే దొర చుట్టాలతో “చూశారా, మావాళ్ళు ఎంత సుఖంగా ఉన్నారో!” అని మురిసిపోయేవాడు. దాలమ్మకి మాత్రం అనుమానం. అక్క గవరమ్మ చేతుల నిండా బొబ్బలే కదా, మరి ఎందుకు పాడతారు?

అప్పుడు ముసలి సింహాద్రిని అడిగింది. “నోరు ఖాళీగా ఉందే మనవరాలా. ఇంత గంజి పోయించు, మానేస్తాను” అన్నాడు.

ఆ తర్వాత అక్కని అడిగింది. “ఏడిస్తే మేస్త్రీ కొడతాడే. పాడితే కొట్టడు. అందుకని ఏడవాల్సిందంతా పాడేస్తాం” అంది.

ఆ తర్వాత పాట ఎత్తే నరసాయమ్మని అడిగింది. “వరసలో నిలబడితే తెలుస్తాదిలే” అని నవ్వింది.

కొన్నాళ్ళకి దాలమ్మనీ తోటలోకి తోలారు. గవరమ్మకి అప్పుడు నిండు నెలలు. కోతలో వెనకబడ్డ మనిషిని కొండవతల తోటకి అమ్మేసేవాళ్ళు. అలా పోయినవాళ్ళు మళ్ళీ కంటికి కనబడరు. అక్కని ఎక్కడ అమ్మేస్తారోనని దాలమ్మ భయం.

పొద్దున్నే నరసాయమ్మ పాట ఎత్తింది.

“ఒడ్డు ఎంత దూరమే ఓలమ్మా,
ఒక్కొక్క అడుగే నడవమ్మా...”

పాట నడిచినట్టే కత్తులు లేచాయి, దిగాయి. ఇంత మెల్లగానా అని దాలమ్మకి విసుగు. అది చూసి మేస్త్రీ “ఓసి పిల్లా, నీ గొంతు ఖంగుమంటోంది, నువ్వెత్తు!” అన్నాడు. దాలమ్మ పొంగిపోయింది. చిందులేసే పాట అందుకుంది.

“చకచక చకచక రావే చిలకా,
చెంగున చెంగున పోవే చిలకా!”

కత్తులు చకచకా ఆడాయి. వరసంతా ముందుకు ఉరికింది. దాలమ్మ వెనక్కి తిరిగి చూసింది. పొట్ట పట్టుకుని గవరమ్మ ఒక్కతే వెనక నిలబడిపోయింది. మేస్త్రీ అటే నడుస్తున్నాడు.

దాలమ్మ నోట పాట ఆగిపోయింది. మెల్లని పాట ఎవరికోసమో అప్పుడు తెలిసింది బుజ్జీ. అందరూ మెల్లగా కొడితే వెనకబడ్డ మనిషంటూ ఉండదు కదా!

పరుగున వెనక్కి పోయి, అక్క పక్కన నిలబడి, మెల్లని పాట ఎత్తింది. అప్పుడు నరసాయమ్మ వచ్చి నిలబడింది. సింహాద్రి వచ్చాడు. ఆ తర్వాత వరసంతా వచ్చింది. ఇక మేస్త్రీ ఎవర్ని పట్టుకుపోతాడు? కొరడా ఝళిపించాడు. పాట వేగం మాత్రం పెరగలేదు.

గోల విని దొర వచ్చాడు. “ఇంత సుఖంగా పాడుకునేవాళ్ళకి ఇదేం పోయేకాలం?” అన్నాడు.

“సుఖమా దొరా! ఆరు వానలుగా నువ్వు విన్నది మా ఏడుపే” అంది దాలమ్మ. “కష్టం చేసే చేతులన్నీ ఒక్కటే. ఒకర్ని అమ్మాలంటే అందర్నీ అమ్ముకో. ఖాళీ తోటలో చెరుకు నువ్వే కొట్టుకో. మా పడవ ఎప్పుడొస్తాదో మాఘ పున్నమిలోగా చెప్పు. గడువు దాటితే పాట ఎత్తం. పాట ఎత్తకపోతే కత్తి లేవదు.”

పడవ సంగతి చెప్పకుండానే దొర బంగళా దారి పట్టాడు. గవరమ్మని మాత్రం ఆ రోజు ఎవరూ ముట్టుకోలేదు.

కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
మరి వాళ్ళెప్పుడు వాళ్ళింటికి?
దొర చెప్పి తీరాలి, మాఘ పున్నమికి!