తెరచాప మీద తుపాను

కొత్తగా ఎవరు శిష్యరికానికి వచ్చినా సన్యాసిరావు మాస్టారు మొదటిరోజు పాఠం చెప్పేవారు కాదు. బల్ల మీద ప్రొజెక్టర్ పెట్టి, "దీన్ని బాగా చూడండి" అని, తాను వెళ్ళి కిటికీ దగ్గర కూర్చునేవారు. ఆయన కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. తుపాను కబురు పట్టుకుని సముద్రపు ఒడ్డున ఊళ్ళకు వెళ్ళే పిల్లలకు తర్ఫీదివ్వడం ఆ తర్వాత ఆయన పెట్టుకున్న పని. అందరి జేబుల్లోకీ ఫోన్లు రాని కాలం అది.

సుభాషిణి కూడా చూసింది. ముందువైపు ఒకే ఒక గాజు కన్ను. రెండు పక్కలా చేప మొప్పల్లాంటి చీలికలు. లోపలి ఫ్యాను వాటిలోంచే ఊపిరి తీస్తుంది. తల ఎత్తడానికి అడుగున మర తిప్పే పొట్టి కాళ్ళు. వెనకవైపు రకరకాల కన్నాలు. కరెంటుది ఒకటి, గుండ్రంగా పచ్చటిది ఒకటి, లాప్‌టాప్ నుంచి వచ్చే నీలం వైరుకి వెడల్పాటిది ఒకటి. ఆ వైరు కొసలో మూడు వరుసల సన్నటి సూదులు. కాసేపటికి ఆమెకు విసుగేసింది.

"మాస్టారూ, ఇదంతా నాకు వచ్చు. రానిది వేరే ఉంది. జనం నా మాట నమ్మాలంటే నేనేం చెయ్యాలి?"

ఆ ప్రశ్న ఊరికే రాలేదు. అంతకుముందు ఏడాది, తర్ఫీదు లేకుండానే ఈ పనిలోకి దిగిన ఆమె మాట విని గవ్వలపేట జనం రెండుసార్లు ఇళ్ళు వదిలి వెళ్ళారు. రెండుసార్లూ తుపాను దారి మళ్ళింది. వాళ్ళు తిరిగొచ్చేసరికి కోళ్ళు పోయాయి, వలలు పోయాయి. ఇంకోసారి వస్తే ఊళ్ళోకి రానిచ్చేది లేదన్నారు.

మాస్టారు నీలం వైరు ఆమె చేతిలో పెట్టి, "కళ్ళు మూసుకుని తగిలించు" అన్నారు.

ఆ కార్తీకంలోనే మళ్ళీ కబురొచ్చింది. ఈసారి మాస్టారు కూడా ఆమెతో జీపెక్కారు. గవ్వలపేటలో ఎండ కాస్తోంది. రేవులో చేపలు జోరుగా పడుతున్నాయి. ఊరికి పెద్ద నూకన్న, చేపల వేలం షెడ్డులోకి జనాన్ని పిలవడానికైతే ఒప్పుకున్నాడు గాని, "విన్నాక ఎల్లడం మాత్రం మా ఇష్టం తల్లీ" అన్నాడు. షెడ్డు చుట్టూ టార్పాలిన్లు దించి చీకటి చేశారు. గోడ లేదు కనక ఒక పాత తెరచాపను దూలానికి వేలాడదీశారు.

ప్రొజెక్టర్ దీపం వెలిగింది. తెరచాప మీద బొమ్మ పడింది. పసుపు పచ్చటి మబ్బులు, తారులాంటి నల్లటి నీళ్ళు.

"ఇదేటి సంద్రం?" అన్నాడు నూకన్న. "నా పుట్టక నుంచి సూస్తన్నాను. ఇలాటి సంద్రం నానెరగను." కొందరు నవ్వారు. వెనకున్న ఆడవాళ్ళు బుట్టలెత్తుకుని లేచారు.

సుభాషిణి గొంతు పెంచి చెప్పబోయింది. అంతలో చేతివేళ్ళు అలవాటుగా ప్రొజెక్టర్ వెనక్కి వెళ్ళాయి. వైరు ఊడదీసి కొస తడిమింది. జీపు కుదుపులకో ఏమో, నీలం రంగు మోసే ఒక్క సూది వంగి పక్కదాన్ని ఆనుకుని ఉంది. కొంగుకున్న పిన్నీసు తీసి, ఊపిరి బిగబట్టి, దాన్ని నిలబెట్టింది. మళ్ళీ తగిలించి మరలు బిగించింది.

నీలం వచ్చేసింది. చాప ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కసారిగా బంగాళాఖాతం నిండింది. వెంట్రుకంత తీగలోంచి అంత సముద్రం ఎలా వచ్చిందో, దాని వైపు చూస్తూ ఆమె చెప్పాల్సిన మాటే మరిచిపోయింది. నీలం నడుమ తెల్లగా, పాల కవ్వం తిప్పినట్టు తిరుగుతున్న సుడి. దాని మధ్యలో సూదిమొన పొడిచినట్టు నల్లటి కన్ను.

తేరుకుని ఆమె చాప ముందుకు పరుగెత్తింది. "చూశారా! గాలి వేగం ఎంతంటే..." అని మొదలుపెట్టింది. ఆమె నీడ సగం సముద్రాన్ని కప్పేసింది.

"అమ్మా, పక్కకి జరుగు" అన్నారు మాస్టారు.

ఆమె జరిగింది. మాస్టారు పొద్దుట నుంచి ఉపగ్రహం తీసిన బొమ్మల్ని ఒకదాని తర్వాత ఒకటి నడిపించారు.  ప్రతి బొమ్మకూ సుడి కాస్త ఒడ్డు వైపు జరుగుతోంది.  లేచిన ఆడవాళ్ళు నెత్తి మీది బుట్టలు దించకుండానే నిలబడిపోయారు.

నూకన్న లేచి చాప దగ్గరికి వెళ్ళాడు. నదులు కలిసే చోట్లు వేలితో వెతుక్కుంటూ ఒడ్డు వెంబడి వచ్చి ఒక దగ్గర ఆగాడు. "మనూరు ఇదిగో" అన్నాడు. వేలి గోరంత కూడా లేదు. ఆ గోటి నుంచి సుడి దాకా జాన పెట్టి కొలిచాడు. తర్వాతి బొమ్మలో మళ్ళీ కొలిచాడు. ఈసారి జాన నిండలేదు.

"రేపు తెల్లారేతలికి ఇది మన మీదుంటాది" అని జనం వైపు తిరిగాడు. "ఏటలా సూస్తారు? పిల్లల్ని ఎత్తుకోండి. బేగి!"

తెల్లారకముందే తుపాను గవ్వలపేట మీద తీరం దాటింది. పాకల్లో ఒక్కటీ నిలవలేదు, పడవలు కొబ్బరితోటల్లో దొరికాయి. మనిషి మాత్రం ఒక్కరూ పోలేదు. ఆ రాత్రి బతికిన ముసలివాళ్ళు ఆమె చేతులు పట్టుకుని ఏడ్చారు. అయినా తర్వాతి కాలంలో సుభాషిణి ఎప్పుడు చెప్పినా, చెప్పింది ఆ గాలి గురించి కాదు. షెడ్డు ఖాళీ అయిన ఆ కాసేపటి గురించే.

జనం వెళ్ళిపోయాక ఆమె దీపం ఆర్పి ప్లగ్గు లాగబోయింది. మాస్టారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు. దీపం ఆరినా లోపల వేడి తగ్గాలి. అందాకా ఫ్యాను తిరగాలి. ఇద్దరూ నిలబడ్డారు. ఆమె ఉండబట్టలేక అడిగింది.

"నేనసలు ఏమీ చెప్పనేలేదు మాస్టారూ. ఎలా నమ్మారు?"

ఆయన వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. ఫ్యాను హోరు సన్నబడి, సన్నబడి, ఆగింది. అప్పుడు వినపడింది ఆమెకు సముద్రం. అల విరిగిన చప్పుడు కాదు, అలకీ అలకీ మధ్య ఎడం లేని చప్పుడు. భూమి లోపలి నుంచి పాదాల్లోకి ఎక్కుతున్నట్టుంది. 

మాస్టారు వైరు చుట్టుకుంటూ అన్నారు:

"వాళ్ళు దీన్ని పుట్టినప్పటి నుంచీ వింటున్నారమ్మా. దాని గొంతు మారిందని వాళ్ళ చెవులకు తెలుసు, మనం కళ్ళకు చూపించామంతే."