నక్క ఊరికే పెట్టిన ఉప్పు

దగ్గరికి జరగండి పిల్లలూ. అనగనగా ఓ అడవిలో, రాళ్ళగుట్ట మీద, ఒక నక్క ఉండేది. దాని గుహ ముందు చిన్న నీటి చెలమ ఉండేది. "గుక్కకి ఒక దుంప!" అని నక్క నీళ్ళు బేరానికి పెట్టింది. ఎవ్వరూ ఆగలేదు. గుట్ట దిగితే వాగుంది. అందరి ఇళ్ళూ ఆ వాగు ఒడ్డునే. ఇంక కొనేదెవరు?

ఓ రోజు నక్క చెలమ పక్కన పెద్ద ఉప్పుగడ్డ పెట్టుకుని కూర్చుంది.

"రండి, నాకండి! ఊరికే!"

అడవిలో ఉప్పు దొరకడమంటే మాటలా! జంతువులన్నీ నోరెళ్ళబెట్టాయి.

కుందేలు మంగతాయి దుంపల మూటతో ఆ దారినే ఇంటికెళుతోంది. ఇంట్లో పిల్లలు ఆకలితో ఎదురుచూస్తున్నారు. అయినా ఉప్పు చూడగానే కాళ్ళు ఆగిపోయాయి.

"నిజంగా ఊరికేనా అన్నా?"

"నీ దగ్గర తీసుకుంటానా చెల్లెమ్మా! తనివితీరా నాక్కో."

నాకింది. ఆహా, ఏం రుచి! కాసేపటికి నాలుక పిడచకట్టుకుపోయింది. ఎండ మండిపోతోంది. వాగేమో గుట్ట కింద. పక్కనేమో చల్లని చెలమ. ఒక దుంప ఇచ్చి గుక్కెడు తాగింది. మళ్ళీ నాకింది, మళ్ళీ తాగింది.

ఇంటికి సగం మూటే చేరింది. మర్నాడు అంతకన్నా తక్కువ. ఆ మర్నాడు ఒక్కటే దుంప. చిన్నపిల్ల దాన్ని వాసన చూసి, "అమ్మా, ఇది మాలో ఎవరికి?" అని అడిగింది. మంగతాయి గుండె చెరువైంది.

'ఉప్పు ఊరికే ఇచ్చాడు కదా. మరి నా దుంపలేమయ్యాయి?' ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

మర్నాడు నక్కనే అడిగింది. "అన్నా, ఓ ముక్క ఆకులో చుట్టివ్వు. ఇంటికెళ్ళి పిల్లలతో కలిసి నాకుతాను."

నక్క ముఖం మాడిపోయింది. "ఇంటికివ్వను. ఇక్కడే నాకాలి."

"ఊరికే ఇచ్చేది ఎక్కడ నాకితే ఏమన్నా?"

నక్క చూపు చెలమ మీదికి పోయింది. మంగతాయీ అటే చూసింది. చెలమ వెనక గుహ నిండా, పైకప్పు దాకా, దుంపలే! అడవిపందివి, ఎలుగుబంటివి, తనవి!

ఔరా! నక్క ఉప్పు పెట్టి అందరికీ దాహం పుట్టించింది. ఆ దాహానికే నీళ్ళు అమ్ముకుంది!

మంగతాయి రెండు చెవులూ వాల్చి దండం పెట్టింది.

"నీ బుర్రే బుర్ర అన్నా! నా పిల్లల నోటి ముద్ద నా చేతులతోనే తెప్పించుకున్నావు."

ఉప్పు ముట్టకుండా, మూట ఎత్తుకుని గుట్ట దిగింది. ఆ పూట పిల్లలంతా కడుపునిండా తిన్నారు.

నీతి: ఊరికే ఇచ్చినదాన్ని అందుకునే ముందు, ఇచ్చేవాడు పక్కన ఏం అమ్ముతున్నాడో చూడాలి.