ఒక్క పన్ను నాటిన ఎల్లమంద

తాళ్ళమడుగులో ఎల్లమంద ఇంటివాళ్ళకు తెలివి ఎక్కువ. ఈ మాట ఊళ్ళో ఇంకెవరూ అనలేదు, వాళ్ళే అనుకున్నారు. ఎవరో వచ్చి మెచ్చుకునేదాకా కాచుకుని కూర్చోవడం తెలివైనవాళ్ళ పని కాదని వాళ్ళ ఉద్దేశం. ఇంట్లో ఎల్లమంద, ఆయన భార్య జానమ్మ, మీసాలు మెలేసే వయసున్న ఇద్దరు కొడుకులు సైదులు, లింగరాజు. చెప్పింది చెప్పినట్టు చేయడం ఆ ఇంటి నియమం. చెప్పినదాంట్లో ఇంకో అర్థం వెతకడం అనుమానప్పక్షుల లక్షణమని జానమ్మ తరచూ అనేది. నలుగురూ అరుగు మీద చేరి ఆలోచన మొదలుపెట్టారంటే పక్కింటివాళ్ళు తమ పిల్లల్ని లోపలికి పిలుచుకునేవారు.

ఎల్లమందకు మిల్లులో వడ్లు కొరికే పని. నవ్వకండి, అదీ పనే. రైతు బస్తా విప్పగానే ఒక గింజ తీసి ముందరి పళ్ళ మధ్య పెట్టి కొరకాలి. టక్కుమంటే వడ్లు ఎండినట్టు, చప్పుడు లేకుండా నలిగితే పచ్చివన్నట్టు. ముప్పై ఏళ్ళుగా ఆ టక్కు మీదే మిల్లు సేటు కొనుగోలు, ఆ టక్కు మీదే ఎల్లమంద ఇంట్లో పొయ్యి. ఈ మధ్య తేమ చూసే మిషన్లు వచ్చాయి. అయినా రైతులు మిషన్ కంటే ఎల్లమంద పంటినే నమ్మేవారు, ఎందుకంటే పన్ను కరెంటు పోయినా పనిచేస్తుంది.

ఇలా ఉండగా సేటు గోదాము గోడ మీద రంగుతో ఒక ముక్క రాయించాడు. ప్రతి బస్తా పరీక్షించవలెను. అంతే. ఎల్లమంద ఈ చివర నుంచి మొదలుపెట్టి వరసగా ఒక్కో బస్తా కొరుక్కుంటూ పోయాడు. ఆ చివర గచ్చు రిపేరుకు తెచ్చిన కంకర బస్తా ఒకటి ఉంది. అది కంకర నాయినా అని వెంట వచ్చిన లింగరాజు గుర్తుచేశాడు. ఎల్లమంద గోడ వైపు వేలు చూపించాడు. వడ్ల బస్తా అని రాయలేదు కదా, ప్రతి బస్తా అని రాసి ఉంది. ఇంకేముంది, మంచి ముక్క ఒకటి ఏరి, పళ్ళ మధ్య పెట్టి, కళ్ళు మూసుకుని కొరికాడు. టక్కు మటుకు బ్రహ్మాండంగా వినిపించింది. పైన ముందరి పళ్ళు మూడు ఊడి అరచేతిలో పడ్డాయి. ఆ అరచేతిని అలాగే పట్టుకుని, సరుకు బాగా ఎండిందని సేటుకు చెప్పి వచ్చాడు.

సేటు మంచివాడే గానీ వ్యాపారస్తుడు. వానాకాలం వడ్లు దిగేలోపు నోరు బాగుచేసుకో, లేకపోతే మిషన్ కొంటానని తేల్చి చెప్పాడు. ఎల్లమందకు గుండెల్లో రాయి పడింది. కొరకడం తప్ప ఆయనకు ఇంకో పని రాదు. కొడుకులకు అది కూడా రాదు.

దాంతో నలుగురూ హైదరాబాదు బస్సెక్కారు. అక్కడ పళ్ళ ఆసుపత్రి అద్దాల మేడ. లోపల చేపల తొట్టి, చల్లటి గాలి, నొక్కితే కాఫీ పోసే మిషన్. డాక్టరమ్మ పేరు ప్రణవి, ఓపిక గల మనిషి. ఆ ఓపిక ఆ రోజుతో సగానికి సగం ఖర్చయింది. నోరు తెరవండి అని, ఫోన్ మోగితే పక్క గదిలోకి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి నాలుగు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఎవరు తెరవాలో ఆవిడ పేరు పెట్టి చెప్పలేదు, మూయమని అసలే చెప్పలేదు. పోయిన పళ్ళు ఎవరివో కనుక్కోవడానికి పాపం నాలుగింట్లోనూ టార్చి వేసి చూసింది.

చూసి, ఎముకలో స్క్రూ బిగించి దాని మీద పన్ను కడతామని, ఒక్కో పంటికి ముప్పై ఐదు వేలని, మూడింటికి లక్షా ఐదు వేలవుతుందని, స్క్రూ కుదురుకోవడానికి మూడు నెలలు ఆగాలని చెప్పింది. సైదులుకు కళ్ళు తిరిగాయి. ఆ డబ్బుకు పాలిచ్చే బర్రె వస్తుంది, పళ్ళతో సహా. తాము క్వింటాలుకు రెండు కిలోలు తరుగు కింద తీసేస్తామని, పంటికి ఎంత తీసేస్తారని అడిగాడు. పంటికి తరుగు ఉండదంది ఆవిడ. పోనీ బస్తా లెక్కన కొంటే ఎంతని లింగరాజు అడిగాడు. కాఫీ కూడా ఈ ధరలోనే కలిసి ఉంటుందని గ్రహించిన జానమ్మ ఆపాటికి నాలుగో కప్పులో ఉంది.

ఇంత డబ్బు పోసి మూడు నెలలు ఆగడమేమిటని ఎల్లమంద అడిగాడు. వడ్లతో పని ఉన్న మనిషి కదా, ఆయన భాషలో చెబితే అర్థమవుతుందనుకుంది డాక్టరమ్మ. అదే ఆవిడ చేసిన తప్పు.

"మీరు పొలంలో నారు నాటుతారు కదండీ, అది వేరు పట్టడానికి టైము పడుతుంది కదా. ఇదీ అంతే. నాటు వేశాక వేరు పట్టాలి."

నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక్క నిమిషమని చెప్పి చేపల తొట్టి దగ్గర చేరారు. సైదులు గొంతు తగ్గించి విషయం వివరించాడు. నాటు వేసిన మొక్క ఎన్ని పిలకలు వేస్తుంది? తక్కువలో తక్కువ పది. మరి మూడు పళ్ళు కావాల్సిన చోట మూడు నాటేవాణ్ణి ఏమనాలి? పట్నంలో వాళ్ళకు సేద్యం తెలియక ఒక్కో గుంటకు ఒక్కో పన్ను కొని లక్షలు పోసుకుంటున్నారు. మనం ఒకటి నాటితే మిగతావి అవే వస్తాయి. కొడుకు తెలివికి ఎల్లమంద ఛాతీ ఉబ్బింది. డాక్టరమ్మ అమాయకురాలని, తన సరుకు విలువ తనకే తెలియదని జానమ్మ జాలిపడింది.

ప్రస్తుతానికి ఒకటే చాలన్నారు. డబ్బుల్లేవేమోననుకుని ఆవిడ ఒక స్క్రూ బిగించి, కొన్నాళ్ళు మెత్తటివి తినండి, మూడు నెలలకు రండి అని పంపించింది. బస్సులో దారి పొడుగునా ఆదా అయిన డెబ్బై వేల గురించే మాటలు.

ఇంటికి రాగానే సేద్యం మొదలైంది. నాటు వేసిన మడిలో నీళ్ళు ఆరకూడదు. అందుకని ఎల్లమంద పొద్దున లేవగానే పుక్కిట నిండా నీళ్ళు పట్టి సాయంత్రందాకా అలాగే ఉండేవాడు. అన్నం తినేటప్పుడు గండి కొట్టి వదిలి, తినగానే మళ్ళీ కట్టేవాడు. నోట్లో నీళ్ళున్న మనిషి మాట్లాడలేడు గదా. ఎండాకాలం మిగిలిన వడ్లు నాలుగు బస్తాలు తెచ్చిన రైతు ధర అడిగితే తల ఊపాడు. రైతు ఇంకో వంద పెంచి అడిగాడు. మళ్ళీ ఊపాడు. ఈ సంగతి రైతులు వడ్లు దించే యార్డంతా పాకింది. మధ్యాహ్నానికి ఎల్లమంద మెడ నొప్పి పుట్టేదాకా ఊపాడు, సేటుకు ఒక లారీ సరుకు బంగారం ధరకు వచ్చి పడింది. సేటు ఆ రోజే మిషన్ కొనేసేవాడే. ముప్పై ఏళ్ళ మొహమాటం అడ్డొచ్చి, వానాకాలం వడ్లదాకా ఆగుతానన్నాడు.

తర్వాత పిట్టల బెడద. పిట్టలేవీ రాలేదు. అయినా వచ్చాక తోలేవాడికి బుద్ధి లేదంటారని, తండ్రి ఆవులించినప్పుడల్లా లింగరాజు పక్కన నిలబడి నూనె డబ్బా వాయించేవాడు. ఆ తర్వాత ఎరువు. జానమ్మ తట్టెడు పశువుల ఎరువు నెత్తిన పెట్టుకుని వచ్చింది. ఎల్లమంద తన జన్మలో ఒకే ఒక్క తెలివైన పని ఆ పూట చేశాడు. నోరు గట్టిగా మూసుకున్నాడు.

నెలన్నర గడిచినా పిలక లేదు. సైదులు టార్చి వేసి నోరంతా కలియజూసి కారణం కనిపెట్టాడు. మడి నిండా కలుపు! నాటింది ఒక్కటి, చుట్టూ నాటనివి ఇరవై ఐదు. అడ్డమైన మొక్కలూ బలం లాగేస్తుంటే అసలు మొక్క పిలక ఎలా వేస్తుంది?

అవి నా పండ్లు గదరా అని ఎల్లమంద గునిశాడు. వాటిని ఎవరైనా నాటారా అని సైదులు అడిగాడు. నాటలేదు. నాటకుండా మొలిచినదాన్ని ఏమంటారు? కలుపు అని ఎల్లమందే ఒప్పుకున్నాడు. అంతే, నలుగురూ కలిసి ఊళ్ళో సూదులేసే కిష్టయ్య దగ్గరికి పోయారు. కిష్టయ్య చదివింది ఏమిటో కిష్టయ్యకే గుర్తులేదు గానీ పట్టకారు మటుకు ఉంది. అన్నీనా అని రెండుసార్లు అడిగాడు. ఒక్కోటి రెండు వందలన్నాడు, టోకున తీయించుకుంటే నాలుగు వేలకు ఇస్తానన్నాడు. హైదరాబాదులో దొరకని తరుగు తాళ్ళమడుగులో దొరికిందని వీళ్ళ సంతోషం ఇంతా అంతా కాదు.

పది రోజుల్లో కలుపు తీయడం అయిపోయింది. ఆఖరి దవడ పన్ను చేతిలో పడ్డప్పుడు ఎల్లమంద చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పాపం, ముప్పై ఏళ్ళు తనకు అన్నం పెట్టిన పళ్ళు.

"కలుపు కోసం ఏడ్చిన రైతును యాడన్న చూసినవా నాయినా," అని సైదులు ఓదార్చాడు.

మూడు నెలలు నిండాయి. డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. శుభ్రంగా చదును చేసిన మడి, మధ్యలో ఒక్క స్క్రూ. ఆవిడ టార్చి ఆర్పి, మళ్ళీ వెలిగించి, కుర్చీలో కూలబడింది. మిగతా పళ్ళేవని నెమ్మదిగా అడిగింది. కలుపు తీసినమని జానమ్మ గర్వంగా చెప్పింది. ఎవరు తీయమన్నారంటే, నాటు వేశానని మీరే చెప్పిండ్రు గదమ్మా, కలుపు తీయాల్నని వేరే చెప్పాల్నా, అంత తెలియనోళ్ళమా అంది. నీళ్ళ సంగతి, డబ్బా సంగతి కూడా పూసగుచ్చినట్టు చెప్పారు. పిలకలు ఎప్పుడొస్తాయో మాత్రం ఆవిడే చెప్పాలన్నారు.

ఇక మీదట తాను ఎవరికీ పోలికలు చెప్పనంది ఆవిడ. పన్ను పిలక వేయదని, నోరంతా మళ్ళీ స్క్రూలతో కట్టాలంటే ఎనిమిది లక్షలవుతుందని చెప్పింది. ఎల్లమంద ముఖం పాలిపోయింది. వానాకాలం వడ్లు ఇంకో నెలలో దిగుతాయి. ఉద్యోగం పోతుందని చెప్పి ఆయన చేతులు జోడించాడు. డాక్టరమ్మ మనసు కరిగింది. పెట్టుకుని తీసుకునే కట్టుడు పళ్ళు చేయిస్తానంది, పైకి ఒకటి కిందికి ఒకటి, రెండూ కలిపి ఇరవై వేలు. ఎముకలో ఉన్న స్క్రూ దారిన స్క్రూ ఉంటుంది.

సెట్టు వచ్చింది. ఎల్లమంద పెట్టుకుని, పంచె కొంగున కట్టుకొచ్చిన వడ్ల గింజ ఒకటి తీసి కొరికాడు. టక్! ఆ చప్పుడుకు ఆయన కళ్ళు చెమర్చాయి. జానమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. డాక్టరమ్మ కూడా నవ్వింది. కథ ఇక్కడే ఆపేస్తే అందరూ బాగుపడేవారు, కానీ నేనేం చేయను, వాళ్ళు ఆగలేదు.

వానాకాలం వడ్లు రానే వచ్చాయి. మొదటి రోజే తాళ్ళమడుగు యార్డులోనూ, పది మైళ్ళ అవతల నెమలిపురం యార్డులోనూ సరుకు దిగుతోంది. పొద్దున ఇక్కడ చూసుకుని మధ్యాహ్నం అక్కడికి పోతాడులే అని సేటు ఆలోచన. ముందు రోజు ఎల్లమందను పిలిచి గట్టిగా చెప్పాడు.

"రేపు పొద్దుగూకేసరికి రెండు యార్డుల్లో నీ పండ్లు కనపడాలె. ఒక్కదాంట్లో కనపడకున్నా మిషన్ కొంటా."

ఇంకేముంది, అరుగు మీద ఆలోచన. సేటు నువ్వు కనపడాలె అనలేదు, పండ్లు కనపడాలె అన్నాడు. పళ్ళు ఎన్ని? రెండు సెట్లు. యార్డులెన్ని? రెండు. సేటు కూడా తమలాగే లెక్క తెలిసిన మనిషని ఎల్లమంద మెచ్చుకున్నాడు. పళ్ళు పోతుంటే వెనకాల మనిషి కూడా పోతే బస్సు చార్జీ దండగని జానమ్మ అంది. తెల్లారగానే పై పళ్ళు టిఫిను డబ్బాలో పెట్టుకుని సైదులు నెమలిపురం పోయాడు. కింది పళ్ళు ఇంకో డబ్బాలో పెట్టుకుని లింగరాజు ఊళ్ళో యార్డుకు పోయాడు. ఎల్లమంద బోసి నోటితో అరుగు మీద కూర్చుని, ఒకేసారి రెండు చోట్ల పనిచేస్తున్నందుకు పొంగిపోయాడు.

నెమలిపురంలో సైదులు బస్తా మీద గింజ పెట్టి పై పళ్ళతో నొక్కాడు. చప్పుడు లేదు. ఇక్కడ లింగరాజు కింది పళ్ళ మీద గింజ పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. అక్కడా చప్పుడు లేదు. రైతులు మూగారు. సైదులు తమ్ముడికి ఫోన్ చేశాడు. లోపం ఎక్కడుందో ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. కొరకడమంటే పైదీ కిందిదీ ఒకే సమయానికి కదలాలి మరి.

"నేను మీదికెళ్ళి నొక్కుత, నువ్వు కిందికెళ్ళి నొక్కు," అన్నాడు సైదులు. "మూడు అనంగనే. ఒకటి, రెండు, మూడు."

పది మైళ్ళ దూరంలో ఇద్దరూ ఒక్కసారే నొక్కారు. చెవులకు ఫోన్లు ఆనించుకుని విన్నారు. టక్కు లేదు. ముచ్చటగా మూడుసార్లు నొక్కారు. అయినా లేదు. చప్పుడు లేకపోతే ఏమిటి అర్థం? ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకు అది వేరే చెప్పాలా? రెండు యార్డుల్లోనూ వడ్లన్నీ పచ్చివేనని ఇద్దరూ ఒకే మాట ప్రకటించారు. పది రోజులు రోడ్డు మీద ఎండబోసి తెచ్చిన రైతులు వాళ్ళను తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పను, పిల్లలు వింటున్నారు. మధ్యాహ్నానికి పక్క మిల్లువాళ్ళు వచ్చి సరుకంతా ఎత్తుకుపోయారు. సేటుకు ఒక్క బస్తా దక్కలేదు.

సాయంత్రానికి సేటు మిషన్ కొన్నాడు. దాని ధర ఎల్లమంద స్క్రూ ధరలో సగం కూడా లేదు. ఎల్లమందను పిలిపించాడు. నీ పండ్లకు నా దగ్గర ఇంక పని లేదు, రేపటి సంది అవి నా మిల్లు గడప తొక్కొద్దు అని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

మరునాడు పొద్దున సేటు మిల్లు గేటు తీసేసరికి ఎదురుగా ఎల్లమంద నిలబడి ఉన్నాడు. తలంటుకుని, ఉతికిన అంగీ తొడుక్కుని, ఎప్పటికంటే ముందే వచ్చాడు. బోసి నోరంతా తెరిచి చూపించాడు.

"రెండు సెట్లూ ఇంటికాన్నే పెట్టొచ్చిన సేటూ. వాటికి పని లేదంటివి గద, నేనొక్కణ్ణే వచ్చిన," అని, లోపలికి నడిచి మొదటి బస్తా విప్పి, గింజ తీసి నోట్లో వేసుకున్నాడు.