ఎదురుదారి కొత్వాలు

రత్నపాడు రాజు ఉదయవర్మగారికి అత్తారింటి గారెలంటే ప్రాణం. ఓనాడు గారెలు వేస్తున్నామని కబురొస్తే ఉన్నపళంగా పల్లకీ ఎక్కారు. బజారులో ఎడ్లబళ్ళు అడ్డం, గాడిదలు అడ్డం, ఓ పెళ్ళివారి మేళం అడ్డం. పల్లకీ చేరేసరికి గారెలు చల్లారి చెప్పుల్లా సాగాయి. రాజుగారికి ఒళ్ళు మండింది.

మర్నాడే దండోరా. ఇకమీదట ఇరుకు వీధుల్లో బాణం గుర్తున్న చెక్క పాతుతారు. బాణం ఎటు చూపిస్తే జనం అటే పోవాలి. ఎదురొచ్చినా, అడ్డదిడ్డంగా బండి తోలినా తాటాకు మీద చీటీ రాస్తారు. చీటీ పడితే బండి లాగే పశువును కొత్వాలు పట్టుకుపోతాడు. అన్యాయం జరిగిందనుకున్నవాళ్ళు చీటీల కొట్టుకెళ్ళి, అక్కడ దాచిన తమ చీటీ ఆకు తెచ్చి, శుక్రవారం సభలో చూపించుకోవచ్చు. నియమం అందరికీ ఒకటే అన్నారు రాజుగారు. అంతఃపురం వసారాలో కూడా బాణం పాతించుకుని, రాణిగారి గదికి వంటింటి మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళేవారు పాపం.

బాగానే ఉండేది, పెత్తనం కొత్వాలు భుజంగరాయుడికి ఇవ్వకపోతే. పొద్దున్నే మీసాలకు ఆముదం పట్టించి, వాటిని చూసుకుని తనే మురిసిపోయే రకం. ఆయన చీటీల కొట్టును చింతలవీధి కొసన పెట్టాడు. దాని వెనక కోటగోడ. పోవడానికి ఆ వీధి తప్ప దారి లేదు. వీధి మొదట్లో బాణం మాత్రం ఇవతలికి చూపిస్తుంది. కొట్టు నుంచి రావచ్చు గానీ, కొట్టుకు పోకూడదన్నమాట. ఏం బుర్రండీ!

చీటీ చూసుకుందామని లోపలికి అడుగేసినవాడికి, ఎదురెళ్ళావని ఇంకో చీటీ. ఇదేం న్యాయమని ఎవరైనా అడిగితే కొత్వాలుది ఒకటే మాట.

"అభ్యంతరముంటే శుక్రవారం సభకొచ్చి చెప్పుకో."

ఆకు చేతిలో లేందే సభలో నోరు విప్పనివ్వరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కుమ్మరి నూకమ్మకు అలాగే చీటీ పడింది. ఆమె దున్నపోతు బజారులో గుర్రంలా దౌడు తీసిందని రాశారట. ఆ దున్న పేరు దొర. పేరుకు తగ్గట్టే పది అడుగులు వేస్తే కూర్చుంటుంది, కూర్చుంటే లేవదు. శుక్రవారం సాయంత్రానికి దాన్ని తోలుకుపోతామన్నారు. ఆవం దించిన కుండలు వాకిట్లో గుట్టగా ఉన్నాయి. దొర పోతే అవి సంతకు చేరవు, సంతకు చేరకపోతే మా పొయ్యిలో పిల్లి లేవదు నాయనా అని సింగన్న దగ్గర కూలబడి ఏడ్చింది.

సింగన్న రాజుగారికి తాంబూలం చుట్టి అందించే మనిషి. అంతా విని, శుక్రవారం దొరను తోలుకుని చింతలవీధి మొదటికి వచ్చి నిలబడమన్నాడు. నిలబడటం దాని వల్ల కాదు, కూర్చుంటుంది అంది నూకమ్మ. మరీ మంచిదన్నాడు.

శుక్రవారం సభలో కొత్వాలు మీసం దువ్వుతూ విన్నవించాడు. ఏడాదిగా ఒక్కడంటే ఒక్కడు కూడా తన చీటీ తప్పని చూపించలేకపోయాడట. రాజుగారు పొంగిపోయి, బహుమానంగా తొడుగుదామని చేతి బంగారు మురుగు తీయబోయారు. సింగన్న తాంబూలం అందిస్తూ, అంతటి ఘనతకు నాలుగు గోడల మధ్య ఇస్తే ఏం అందం ప్రభూ, చింతలవీధిలో ఊరంతా చూస్తుండగా ఇవ్వాలి అన్నాడు. అందరికంటే ముందు లేచింది కొత్వాలే.

వీధి మొదట్లో జనం కిటకిటలాడుతున్నారు. దొర నడిదారిలో కూర్చుని నెమరేస్తోంది. మురుగు ఇచ్చేముందు ఒక్క చీటీ, ఆ నూకమ్మదే, తెప్పించి ఏలినవారికి చూపిస్తే బాగుంటుందన్నాడు సింగన్న. ఎవరిని పంపుదామని కూడా అడిగాడు.

కొత్వాలు ఛాతీ విరిచాడు. "ఇంకొకడి చేతికిస్తానా? రాసిన ప్రతి చీటీనీ వెంటనే నేనే తీసుకెళ్ళి పెడతాను. తీసుకొచ్చేదీ నేనే."

అని గుర్రమెక్కి వీధిలోకి దౌడు తీశాడు. కాపలా భటుడు వంగి దండం పెట్టాడు. కాసేపటికి చీటీ పట్టుకుని, మీసం మెలేస్తూ తిరిగొచ్చాడు.

రాజుగారు చీటీ చదివారు. కాళ్ళ దగ్గర కూర్చున్న దొరను చూశారు. దొర కూడా రాజుగారిని చూసి, కళ్ళు మూసుకుంది. జనం కిసుక్కుమన్నారు.

అప్పుడు సింగన్న బాణం వైపు చేయి చూపించాడు.

"ప్రభూ, చీటీకొకసారి చొప్పున కొత్వాలుగారు ఈ వీధిలో ఎదురెళ్ళారు. ఆ కొట్టులో ఉన్నవి ఊరి తప్పులు కావు, అన్నీ వారివే."

కొత్వాలు మీసాలు రెండూ కిందికి వాలాయి. రాజుగారు ఆయన గుర్రాన్ని అక్కడికక్కడే పట్టించారు. చీటీల పేరుతో పట్టుకుపోయి కొట్టంలో కట్టేసిన పశువులన్నీ ఎవరివి వాళ్ళకిమ్మన్నారు. జనం ఇకమీదట కొట్టుకు హాయిగా పోయేలా ఆ బాణాన్ని లోపలివైపు తిప్పించి, వెళ్ళి చీటీలన్నీ మోసుకురమ్మని కొత్వాలును కాలినడకన పంపారు.

ఆయన తాటాకుల మోపు నెత్తిన పెట్టుకుని, చెమటలు కక్కుతూ వీధి మొదటికి వచ్చాడు. ఇప్పుడు బాణం లోపలికి కదా. కాపలా భటుడు చేయి అడ్డం పెట్టి, ఎదురొస్తున్నారండీ అని చీటీ రాయడానికి గంటం తీశాడు.

"మరి నేను బయటికి ఎలా రావాలిరా?" అన్నాడు కొత్వాలు ఏడుపుగొంతుతో.

జవాబు నూకమ్మ చెప్పింది.

"అభ్యంతరముంటే శుక్రవారం సభకొచ్చి చెప్పుకోండి."

ఊరు ఊరంతా ఘొల్లుమంది. రాజుగారు పల్లకీలో కడుపు పట్టుకుని నవ్వి, మురుగు సింగన్న చేతికి తొడిగారు. ఆ బాణం చెక్కను పీకి అత్తారింటికి పంపి, దాంతోనే పొయ్యి రాజేసి గారెలు వేయించమన్నారు. ఆనాడు అవి వేడిగానే అందాయి. రెండు గారెలు దొరకు కూడా పెట్టారు, అది కూర్చునే తింది.