తేలితే నిర్దోషి

వెనకటికి సముద్రపుటొడ్డున ఒక చిన్న రాజ్యం ఉండేది. దానికి దివాను మార్కండపాత్రుడు. ఎవరిమీద దొంగతనం అనుమానం వచ్చినా అతను కోట బావిలోకి తోయించేవాడు. తేలితే నిర్దోషి, మునిగితే దొంగ. అదే అతని న్యాయం.

ఒక వేసవిలో రాజుగారి ఉప్పు కొట్టులో ఉప్పు తగ్గింది. నేరం ఉప్పుమడుల్లో పనిచేసే నూకాలు మీద పడింది. పాపం, ఆమెకు ఈత రాదు.

విచారణ రోజు పొద్దున్నే నూకాలు రోజూలాగే నీళ్ళగుంటలో కోడిగుడ్డు వేసి చూసింది. అందులోని సముద్రపు నీరు ఎండకు చిక్కబడి, గుడ్డు తేలితేనే మడులకు వదులుతారు. గుడ్డు బెండులా తేలింది.

"బాబూ, పోయింది ఉప్పు కదా! నన్ను ఉప్పునీళ్ళ గుంటలోనే తోయించండి," అని విచారణలో దివానుకు దణ్ణం పెట్టింది. విచారణ చూడవచ్చిన రాజుగారు సరేనన్నారు.

తోశారు. నూకాలు మంచం మీద పడుకున్నట్టు వెల్లకిలా తేలింది. జనం గొల్లుమని నవ్వారు.

దివానుకు ఒళ్ళు మండిపోయింది. "మోసం! ఈ నీళ్ళలో దొంగయినా తేలుతాడు!"

"అవును బాబూ," అంది నూకాలు, నీళ్ళ మీద నుంచే. "మీ బావిలో దొంగ కానివాడూ మునుగుతాడు."

రాజుగారి మొహంలో నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత ఆ బావిలోకి దిగింది చేద ఒక్కటే.